రాళ్ల దేశంలో నీళ్ల విడిది

మస్కట్‌లోని ఘాలా నుంచి కారులో గంటన్నర వెళ్తే కొండల మధ్య ఒక జలాశయం ఉంది. దాని గట్టున ఒక రాత్రి బస, మర్నాడు తీరం వెంట పాత రేవు, గులాబీలు పూసే వేళకు కొండమీది పన్నీరు బట్టీలు... ఒమన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలు తప్పకుండా పట్టాల్సిన దారి ఇది.

గురువారం సాయంత్రం ఘాలా రోడ్లు చూస్తే సెలవు వచ్చేసిందని వేరే చెప్పక్కర్లేదు. పారిశ్రామిక వాడలో గ్యారేజీల షట్టర్లు దిగుతుంటాయి. పనివాళ్లను క్యాంపులకు చేర్చే బస్సులు, ఎయిర్‌పోర్టు వైపు మళ్లే టాక్సీలు, ట్యూషన్ల నుంచి పిల్లల్ని తెచ్చుకునే కార్లు అన్నీ ఒకే రౌండెబౌట్ దగ్గర చిక్కుకుంటాయి. ఒమన్‌లో 2013 మే నుంచి శుక్ర, శనివారాలు సెలవు. అది ఆఫీసుల సంగతి. సైట్లలో, వర్క్‌షాపుల్లో చేసేవాళ్లలో చాలామందికి ఇప్పటికీ శుక్రవారం ఒక్కటే. ఆ ఒక్క పూటలోనే బట్టలు ఉతుక్కోవాలి, వారానికి సరిపడా సరుకులు తెచ్చుకోవాలి, ఇంటికి వీడియో కాల్ చెయ్యాలి. చర్చికి వెళ్లేవాళ్లకు ఘాలాలోనే చర్చిల ఆవరణలున్నాయి. గుడికైతే దార్‌సైట్‌లోని కృష్ణాలయానికో, పాత మస్కట్‌లోని శివాలయానికో పోవాలి. ఇవన్నీ అయ్యేసరికి పొద్దుగూకుతుంది.

ఏళ్లు ఇలాగే గడిచిపోతాయి. కోనసీమ నుంచి, కడప నుంచి, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి వచ్చి, పిల్లల చదువులూ చెల్లెళ్ల పెళ్లిళ్లూ ఇక్కడి రియాళ్లతోనే గట్టెక్కించి, చివరికి మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఊళ్లో ఎవరైనా ‘ఒమన్ ఎలా ఉంటుంది?’ అని అడిగితే ఎండ గురించి తప్ప చెప్పడానికి వాళ్ల దగ్గర మాట ఉండదు. సైటు, రూము, సూపర్ మార్కెట్. కుటుంబాలతో ఉండే మాలాంటివాళ్లం ఇంకో అడుగు ముందుకేసి మాల్‌కి వెళ్తాం, అంతే తేడా. నాకు ఇది తలుచుకుంటే బాధగా ఉంటుంది. ఎందుకంటే ఈ దేశంలో డబ్బిచ్చి కొనక్కర్లేని సంపద ఆరుబయలే. కొండ, వాదీ, సముద్రం, గుడారం వేసుకోవడానికి చదునైన నేల. ఒమనీలు సెలవు దొరికితే చేసే మొదటి పని చాప, ఫ్లాస్కు, పళ్లబుట్ట బండిలో వేసుకుని ఊరు దాటడం. వాళ్ల పక్కనే బతుకుతూ వాళ్ల నుంచి మనం నేర్చుకోవాల్సింది ఇదే.

అందుకే జనవరిలో అత్తయ్య కోనసీమ నుంచి వచ్చినప్పుడు, ఆవిడకు మాల్ చూపించే కార్యక్రమం పక్కనపెట్టి నీళ్ల దగ్గరికి తీసుకెళ్దామని అనుకున్నాం. మావారు, పిల్లలిద్దరు, అత్తయ్య, ఘాలాలోనే కంపెనీ క్యాంపులో ఉంటూ షట్టరింగ్ పని చేసే మా మరిది. శనివారం సెలవు ఇవ్వమని మరిది పై వాళ్లను ముందే అడిగి పెట్టుకున్నాడు.

బౌషర్ ఘాట్ దాటితే

శుక్రవారం తెల్లవారుజామున ఘాలా ఖాళీగా ఉంటుంది. బౌషర్ వైపు తిరిగి అమరాత్ కొండ ఎక్కాం. ఈ రోడ్డు వాలు చాలా ఎక్కువ. భారీ వాహనాలను రానివ్వరు. దిగేటప్పుడు బ్రేకులు పట్టు తప్పితే బండిని మళ్లించి ఆపుకోవడానికి పక్కన కంకర పోసిన ఎత్తు దారులు కట్టారు. మొదటిసారి నడిపేవాళ్లు చిన్న గేరులోనే దిగాలి. పైకి చేరాక ఒక్కసారి వెనక్కి చూడండి. పెద్ద మసీదు మీనార్లు, ఘుబ్రా, ఘాలా, దూరాన సముద్రం, అన్నీ ఒకే చూపులో వస్తాయి. మనం ఉండే వీధి ఎంత ఇరుకు కనుమలో ఉందో అప్పుడు తెలుస్తుంది.

అమరాత్ దాటాక 17వ నంబరు రోడ్డు కొండల మధ్యనుంచి ఖురయ్యాత్‌కు పోతుంది. పెట్రోలు బంకు పక్కన కాఫీ షాపు ఉంటుంది. కారు దిగక్కర్లేదు. ఒక్క హారన్ కొడితే మలయాళీ కుర్రాడు వచ్చి కరక్ చాయ్, ఒమన్ చిప్స్ నలిపి చుట్టిన పరోటా తెచ్చి కిటికీలోంచి అందిస్తాడు. ఒమన్‌లో పెరిగిన పిల్లల్ని అడిగితే ప్రయాణం అంటే అదే అంటారు.

ఖురయ్యాత్ జాలర్ల ఊరు. చేపల మార్కెట్‌కు పొద్దున్నే వెళ్లాలి. వంజరాన్ని ఇక్కడ కనాద్ అంటారు. గుడ్లు పెట్టే కాలమని ఆగస్టు 15 నుంచి అక్టోబరు 15 వరకు దాని వేటను ప్రభుత్వం నిషేధిస్తుంది, ఆ రెండు నెలలూ మార్కెట్‌లో వంజరం అడగకూడదు. జనవరిలో మాత్రం బల్లల మీద మెరుస్తూ పరిచి ఉంటాయి. అత్తయ్య ఒక్కో చేప మొప్ప ఎత్తి చూసి, వేలితో ఒత్తి చూసి, ‘ఇది నిన్నటిది, ఇది పొద్దుటిది’ అని తెలుగులోనే తేల్చి చెప్పేసింది. అమ్మే పెద్దాయనకు హిందీ వచ్చు. ఒమన్‌లో హిందీ, ఉర్దూ అర్థమయ్యేవాళ్లు చాలామందే. ‘అమ్మ పొద్దుటి చేపే కావాలంటోంది’ అంటే ఆయన నవ్వి, తనే ఇంకా మంచిది తీసి తూకం వేశాడు.

గండిపేట కన్నా చిన్నది

ఖురయ్యాత్ దగ్గర పెద్ద రోడ్డు వదిలి లోపలికి మళ్లితే హైల్ అల్ గాఫ్ వస్తుంది. మామిడి, ఖర్జూర తోటలున్న ఊరు. ఒమన్ మామిడి చెట్టు కింద నిలబడి అత్తయ్య పూత ఎలా ఉందో చూసింది. అక్కడి నుంచి మజారా గ్రామం, ఆ పైన వాదీ దైఖా ఆనకట్ట. చివరిదాకా తారు రోడ్డే. ఫోర్ వీల్ బండి అవసరం లేదు, మామూలు కారు చాలు.

శాశ్వతంగా పారే నది ఒక్కటీ లేని దేశం ఇది. ఏడాదికి సగటున పడే వాన సుమారు 100 మిల్లీమీటర్లు. గోదావరి జిల్లాల్లో అంతకు పదింతలకు పైనే కురుస్తుంది. అలాంటి చోట కొండ మలుపు తిరగగానే ఇంత నీలపు నీరు కళ్లబడితే కాసేపు ఎవరికీ మాట రాదు. 2012లో ప్రారంభించిన ఈ ఆనకట్ట ఎత్తు 75 మీటర్లు. ఒమన్‌లోకెల్లా పెద్దది. పూర్తిగా నిండితే పట్టేది 10 కోట్ల ఘనపు మీటర్లు. మన లెక్కలో చెప్పుకుంటే సుమారు మూడున్నర టీఎంసీలు. హైదరాబాద్ గండిపేటకు 3.9 టీఎంసీలు పడతాయి, నాగార్జునసాగర్‌కు 312. ఒక దేశంలోని అతిపెద్ద జలాశయం మన గండిపేట కన్నా చిన్నదన్నమాట. ఈ అంకె తెలిశాక ఇక్కడ ఒక గ్లాసు నీళ్లు పారబోయాలన్నా చెయ్యి ఆగుతుంది.

మరిది చూపు నీళ్లకంటే ముందు గోడ మీదికి వెళ్లింది. ‘వదినా, ఇది మనం అచ్చులు కట్టి పోసే కాంక్రీటు కాదు. తడి తక్కువ కలిపి, పొరలు పొరలుగా పరిచి, రోడ్డు రోలరుతో తొక్కిస్తారు. మా ఇంజినీరు చెప్పేవాడు, ఎప్పుడూ చూళ్లేదు’ అంటూ రెయిలింగ్ పట్టుకుని కింది దాకా వంగి చూశాడు. తర్వాత మా పిల్లలకు ఆ గోడ ఎందుకు జారిపోదో, కింద వెడల్పు ఎందుకు ఎక్కువ ఉండాలో రాళ్లు పేర్చి చూపించాడు. క్యాంపులో రోజూ అలసిపోయి కనిపించే మనిషి. తన పని గురించి అంత గర్వంగా మాట్లాడటం అప్పుడే విన్నాను. కారున్న ప్రతి తెలుగు కుటుంబానికీ క్యాంపులో ఇలాంటి ఒక తమ్ముడో, బాబాయో, ఊరివాడో ఉంటాడు. వెనక సీటులో చోటుంటే ఫోన్ చేసి పిలవండి. వాళ్లంతట వాళ్లు అడగరు.

అత్తయ్య ప్రశ్న వేరు. ‘ఏ కాలవకి వదుల్తారమ్మాయ్ ఈ నీళ్లు?’ 1852 నాటి ధవళేశ్వరం ఆనకట్ట కింద పుట్టి పెరిగిన ఆవిడకు నీళ్లు నిలబెట్టడమంటే వదలడానికే. హైల్ అల్ గాఫ్, దగ్మార్ తోటలకు పోతాయని చెప్పాను. ‘అయితే మంచిదే’ అని అప్పుడు కూర్చుంది.

ఆనకట్ట పక్కన నీడ గొడుగులున్న పార్కు ఉంది. పగటి పూట కుటుంబాలు అక్కడే చాపలు పరుస్తాయి. జలాశయంలో ఈతకు అనుమతి లేదు. మా బాబు దిగులుపడ్డాడు కానీ ఈ నిబంధనతో బేరం వద్దు. అడుగు ఎక్కడ జారుతుందో, ఎక్కడ ఒక్కసారిగా లోతు వస్తుందో పైనుంచి చూస్తే తెలియదు. గుడారం పార్కులో వేయకూడదు. అక్కడి కాపలావాళ్లను అడిగి, ఊరి తోటలకు దూరంగా, నీళ్లు కనిపించే ఎత్తైన గులకరాళ్ల మెట్ట మీద చోటు చూసుకున్నాం.

గిన్నె కుదపాలి, గరిట పెట్టకూడదు

ఒమన్‌లో గుడారం కట్టేవాళ్లు మొదట తెలుసుకోవాల్సింది, మేకు ఇక్కడ నేలలోకి దిగదు. పైన కంకర, కింద గట్టి రాయి. మేకులు కొట్టి వంకర చేసుకునే బదులు తాళ్లను మోసుకురాగలిగినంత పెద్ద రాళ్లకు కట్టేయాలి. గాలి వచ్చే వైపు గుడారం వీపు పెట్టాలి. చెప్పులు, బూట్లు రాత్రి బయట వదలకూడదు. వదిలితే పొద్దున దులిపి తొడగాలి, తేళ్లు ఉంటాయి. ఎండిన కొమ్మ కనిపించింది కదా అని విరచవద్దు. ఇక్కడ చెట్టు కొట్టడం నేరం. ఒక తుమ్మ చెట్టు ఆ ఎత్తుకు రావడానికి ఎన్ని కరువులు తట్టుకుని ఉంటుందో ఆలోచిస్తే చట్టం చెప్పనక్కర్లేదు. బొగ్గులు ఇంటి నుంచే తెచ్చుకోవాలి. నేలమీద కాకుండా ఇనప పొయ్యిలో మండించాలి. వెళ్లేటప్పుడు బూడిదతో సహా సంచిలో కట్టుకుపోవాలి.

పులిహోర, పెరుగన్నం, జంతికలు డబ్బాల్లో వచ్చాయి. చేపల పులుసు మాత్రం అక్కడే వండుతానంది అత్తయ్య. రాళ్ల మధ్య గ్యాస్ స్టవ్ పెట్టి, గాలికి అడ్డంగా కారు కార్పెట్ నిలబెట్టాం. చింతపండు పొద్దున్నే నానేసి ఉంది. నూనెలో మెంతులు చిటపటమన్నాక ఉల్లి, పచ్చిమిర్చి, ఆపైన పసుపు, కారం, పులుసు. అది బాగా తెర్లుతున్నప్పుడు వంజరం ముక్కలు ఒక్కొక్కటిగా జారవిడిచింది. సాయం చేద్దామని మా పాప గరిట అందుకోబోతే చేతి మీద చిన్న దెబ్బ పడింది. ‘ముక్క పడ్డాక గరిట పెట్టకూడదే. గిన్నె చెవులు పట్టుకుని ఇలా కుదపాలి.’ రెండు గుడ్డలు చుట్టి గిన్నెను అటూ ఇటూ తిప్పింది. పులుసు అంచుల దాకా వచ్చి ఒక్క చుక్క కూడా ఒలకకుండా వెనక్కి వెళ్లింది. ఆ కుదుపు మా పాపకు వీడియోలో చూస్తే వచ్చేది కాదు. మా ఘాలా ఫ్లాటులో ఎలక్ట్రిక్ స్టవ్ మీద అయినా వచ్చేది కాదు. నానమ్మ పక్కన గొంతుక్కూర్చుని, చెయ్యి కాల్చుకుని నేర్చుకుంది.

వాసనకు మేకలు వచ్చాయి. వెనకే వాటి యజమాని వచ్చాడు, ఆ వెనక కొంచెం దూరంలో విడిది చేసిన వాళ్ల కుటుంబం. వాళ్ల ముసలమ్మ అత్తయ్య పక్కన చాప మీద కూర్చుని ఫ్లాస్కులోంచి కహ్వా పోసి, ఖర్జూరాలు ముందుకు జరిపింది. పిడికెడంత కప్పు, అందులో సగం కాఫీ. పాలు, చక్కెర ఉండవు, యాలకుల వాసన. తాగడం అయ్యేకొద్దీ ఆమె మళ్లీ పోస్తోంది. అత్తయ్య మర్యాదకు తాగుతోంది. ఇక చాలు అనడానికి ఖాళీ కప్పును వేళ్ల మధ్య అటూ ఇటూ ఊపాలని మావారు దూరంనుంచి సైగ చేసేదాకా అది సాగింది. తర్వాత జంతికల డబ్బా అటు వెళ్లింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. మోకాళ్ల నొప్పుల గురించి, మనవల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు.

రాత్రి చలి బాగానే ఉంటుంది. దుప్పట్లు తప్పనిసరి. మస్కట్ వెలుగు కొండ అవతలే ఆగిపోతుంది కాబట్టి నక్షత్రాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. సప్తర్షి మండలం చూపించి అరుంధతిని వెతికే పని మరిది పిల్లలకు అప్పగించాడు.

వాదీ అడుగున పడుకోవద్దు

ఇది వేడుక కథనమే అయినా ఒక్క విషయం గట్టిగా చెప్పి తీరాలి. వాదీ అంటే వాన లేనప్పుడు ఎండిన లోయ, మెత్తటి ఇసుక, నీడ, గుడారానికి ఎంతో అనువైన చోటుగా కనిపిస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉన్నా సరే అక్కడ పడుకోవద్దు. వాన పడేది మీ నెత్తిమీద కాదు, ఎక్కడో పైనున్న కొండల మీద. చెట్టూ చేమా లేని రాతి కొండ ఆ నీటిని పీల్చుకోదు. పడింది పడినట్టు కిందికి తోస్తుంది. అది మీ దాకా వచ్చేసరికి మట్టి రంగు గోడగా వస్తుంది.

2007 జూన్‌లో గోను తుపాను ఈ తీరాన్ని తాకినప్పుడు ఖురయ్యాత్ తీవ్రంగా దెబ్బతింది. రోడ్లు, వంతెనలు కొట్టుకుపోయాయి. దేశం మొత్తం మీద 50 మంది దాకా చనిపోయారు. 2024 ఏప్రిల్ 14న సమద్ అల్ షాన్‌లో బడిపిల్లలున్న బండి వాదీ ప్రవాహంలో చిక్కుకుంది. ఆ పిల్లల్లో చాలామంది తిరిగి ఇళ్లకు చేరలేదు. పారుతున్న వాదీని బండితో దాటడానికి ప్రయత్నించడం ఇక్కడ జరిమానా, జైలుశిక్ష రెండూ పడే నేరం. మోకాలి లోతే కదా అని దిగిన బండ్లే కొట్టుకుపోతాయి. నీళ్లు తగ్గేదాకా ఈ ఒడ్డునే కూర్చోవడం తప్ప వేరే మార్గం లేదు.

ఈ మాటలు నేను పిల్లలకు చెబుతుంటే అత్తయ్య 1996 నవంబరు తుపాను సంగతి ఎత్తింది. కోనసీమ కొబ్బరి తోటలన్నీ ఒక్క రాత్రిలో నేలమట్టమైన తుపాను అది. వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. ‘రేడియో చెప్పింది, మనమే లెక్కచెయ్యలేదు’ అంది. ఇప్పుడు ఫోనులోనే ఒమన్ వాతావరణ శాఖ హెచ్చరికలు వస్తాయి. బయలుదేరే ముందు చూడండి. హెచ్చరిక ఉంటే మానుకోండి. జలాశయం వచ్చే వారమూ అక్కడే ఉంటుంది.

నక్షత్రం గొయ్యి, గుర్రాల రేవు

శనివారం పొద్దున గుడారం ఎత్తేసి తీరం పట్టాం. ఖురయ్యాత్ నుంచి సూర్ దాకా ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. మొదట ఆగేది బిమ్మా దగ్గరి పెద్ద గొయ్యి. 50 మీటర్లు ఒకవైపు, 70 మీటర్లు మరోవైపు, అడుగున పచ్చనీలం నీరు. నక్షత్రం రాలి పడటంతో ఏర్పడిందని స్థానికుల కథ. నేల కింద సున్నపురాయి కరిగి కప్పు కూలడం వల్ల ఏర్పడిందని భూగర్భ శాస్త్రం. మెట్లు దిగి నీళ్లలో కాళ్లు పెడితే చిన్న చేపలు వచ్చి కొరుకుతాయి. ఈతకు ఆశపడ్డ మా బాబు ఇక్కడ తీర్చుకున్నాడు. వాదీ షాబ్ కూడా దారిలోనే వస్తుంది. పడవలో ఒడ్డు దాటి ముప్పావుగంట రాళ్ల మీద నడవాలి, పెద్దవాళ్లతో అది కుదరదు. అత్తయ్య ఉండగా మేం ఆ జోలికి పోలేదు.

నేను ఎదురుచూసింది ఖల్హాత్ కోసం. రోడ్డు పక్క గుట్ట మీద పైకప్పు సగం కూలిన చిన్న కట్టడం ఒకటి సముద్రానికి ఎదురుగా నిలబడి ఉంటుంది. బీబీ మర్యమ్ సమాధి మందిరం. చుట్టూ ఉన్న రాళ్ల కుప్పలన్నీ ఒకప్పటి మహానగరం. హొర్ముజ్ రాజ్యానికి ఇది రెండో పట్టణం. 1508లో పోర్చుగీసువాళ్లు కొల్లగొట్టి తగలబెట్టారు. 2018లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పదమూడో శతాబ్దంలో మార్కో పోలో ఈ రేవు గురించి రాస్తూ ఇక్కడి నుంచి వర్తకులు మేలుజాతి గుర్రాలను ఇండియాకు ఓడల్లో తీసుకెళ్తారని చెప్పాడు. అదే పుస్తకంలో ముత్ఫిలి రాజ్యం గురించీ, దాన్ని న్యాయంగా ఏలిన రాణి గురించీ రాశాడు. ముత్ఫిలి అంటే మన మోటుపల్లి, ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారుల మాట. రుద్రమ తండ్రి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో ఒక శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుపానుకు దారితప్పి, పగిలి, తమ తీరానికి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాగేసుకునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతి ఎత్తేసి, ప్రాణాలకు తెగించి వచ్చే వర్తకుల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని అభయమిచ్చాడు. సుంకం పడే సరుకుల పట్టిక కూడా అందులో ఉంది. గంధం, కర్పూరం, ముత్యాలు, ఏనుగు దంతం, పట్టు, పగడాలు, పన్నీరు.

ఖల్హాత్ గట్టు మీద నిలబడి పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు, గల్ఫ్‌కీ మనకీ బంధం లేబర్ వీసాలతో మొదలవలేదని వాళ్లకు తెలియాలన్నదే నా తాపత్రయం. పద్నాలుగో శతాబ్దంలో ఇబ్న్ బతూతా కూడా ఈ ఊరికి వచ్చాడు. సూర్ వైపు నుంచి కాలినడకన, పాదాలు వాచిపోయి చేరుకున్నాడు. ఇక్కడ తిన్న చేప తనకు అన్ని మాంసాలకన్నా నచ్చిందనీ, ఆకుల మీద కాల్చి అన్నంతో తింటారనీ, ఆ బియ్యం ఇండియా నుంచి వస్తుందనీ రాసుకున్నాడు. ఇది విని అత్తయ్య అన్నమాట, ‘బియ్యం ఇటు రాకపోతే వాళ్లు మాత్రం ఏం తింటారే, ఇక్కడ ఎక్కడైనా మడి కనిపించిందా?’

పన్నీరు బట్టీల దగ్గర

యూరప్, అమెరికాల్లో చెరువు గట్టున విడిది చేసే కుటుంబాలు చుట్టుపక్కల ద్రాక్షసారా తయారయ్యే తోటలు చూసి వస్తాయి. ఒమన్‌లో అలాంటి దర్శనీయ స్థలాలు లేవు. ద్రాక్ష మాత్రం ఉంది. జబల్ అఖ్దర్ కొండ మీద దానిమ్మ, ఆప్రికాట్, అక్రోట్‌లతోపాటు ద్రాక్ష తీగలూ పాకుతాయి. 1830లలో ఈ కొండ ఎక్కిన ఆంగ్లేయ నౌకాదళ అధికారి వెల్‌స్టెడ్, ఇక్కడి బనూ రియామ్ తెగవాళ్లు తమ ద్రాక్షతో మద్యం చేసుకుంటారని రాశాడు. అదంతా పాత చరిత్ర. ఈ కొండమీద ఇవాళ బట్టీ వెలిగేది పన్నీరు కోసం.

అందుకని మార్చి చివర్లో, అత్తయ్య తిరుగు ప్రయాణానికి ముందు, ఈసారి అద్దెకు ఫోర్ వీల్ బండి తీసుకుని నిజ్వా దారి పట్టాం. బిర్కత్ అల్ మౌజ్ దాటాక పోలీసు చెక్‌పోస్టు ఉంటుంది. ఫోర్ వీల్ కాని బండిని పైకి పంపరు. కొండ అడుగున ఖత్మీన్ ఫలజ్ చూడకుండా పోకూడదు. భూమిలోంచి, కొండ కిందనుంచి వాలు లెక్కగట్టి తోటలకు నీరు తెచ్చే పాతకాలపు కాలువ అది. 2006లో యునెస్కో జాబితాకెక్కిన అయిదు ఫలజ్‌లలో ఒకటి. నీరు ఒక్కచోట మూడు సమాన పాయలుగా చీలుతుంది. ఆ తర్వాత ఎవరి వాటా వాళ్లకు కొలిచేది లీటర్లలో కాదు, సమయంలో. అరగంట ఒక వాటా, దాన్ని అథర్ అంటారు. పూర్వం పగలు నీడను బట్టి, రాత్రి నక్షత్రాలను బట్టి లెక్క చూసేవారు. అత్తయ్య కాలువ అంచున కూర్చుని మూడు పాయలనూ మార్చి మార్చి చూసింది. ‘మన దాళవాకి వంతులేసినట్టే. మరి వంతు దాటి మడవ తీసేవాడు ఉండడా?’ అని అడిగింది. ఫలజ్‌కు వకీల్ అనే పెద్ద ఉంటాడు, తగువులు ఆయన తీరుస్తాడు అని చెబితే తృప్తిపడింది.

పైన సైక్ పీఠభూమి సుమారు 2000 మీటర్ల ఎత్తు. 1986లో బ్రిటన్ యువరాణి డయానా వచ్చి చూసిన లోయ అంచుకు ఆమె పేరే పెట్టుకున్నారు. అక్కడి నుంచి ఎదురుగా అల్ ఐన్, అల్ అఖర్ ఊళ్లు, వాటి కింద మెట్లు మెట్లుగా దిగే గులాబీ తోటలు కనిపిస్తాయి. మార్చి చివరి నుంచి మే వరకే పూత. ఎండ ఎక్కకముందే పూలు కోసేయాలి, ఆలస్యమైతే వాసన గాలిలో కలిసిపోతుంది.

ఒక ఇంటి బట్టీలోకి రానిచ్చారు. చీకటి గది, మసిబారిన గోడలు, గోడ పొడవునా మట్టితో కట్టిన పొయ్యి. దాని మీద వరసగా కుండలు కూర్చున్నాయి. ప్రతి కుండలో గులాబీ రేకులు, మధ్యలో చిన్న రాగి గిన్నె. కుండ మూతికి మూతగా చల్లనీళ్లు పోసిన మరో రాగి పాత్ర. కింద వేడికి రేకుల ఆవిరి లేచి, ఆ చల్లటి పాత్ర అడుగుకు తగిలి, చుక్క చుక్కగా లోపలి గిన్నెలో పడుతుంది. పైనున్న నీళ్లు వేడెక్కితే ఆవిరి చల్లబడదు కాబట్టి వాటిని మారుస్తూనే ఉండాలి. పెద్దాయన మాతో మాట్లాడుతూనే వేలు ముంచి చూసి, పాత్ర దించి, నీళ్లు పారబోసి, మళ్లీ పోసి పెడుతున్నాడు. ఈ పద్ధతిలో తీసిన పన్నీరు తెల్లగా ఉండదు. లేత గోధుమ రంగు, గులాబీ వాసనకు అడుగున కొంచెం పొగ వాసన. గుబాళింపు ఎంతసేపయినా పోదు. ఒమనీ హల్వాలో, కహ్వాలో పడేది ఇదే.

మోటుపల్లి శాసనంలోని పన్నీరు ఇదేనా అని మా పాప అడిగింది. అరేబియా సముద్రం అంతటా అప్పట్లో పన్నీరు ఓడలెక్కేదని, సుంకం కట్టి మన తీరంలో దిగేదని చెప్పాను. పెద్దాయన మా గొడవేమిటని హిందీలో అడిగాడు. మావారు వివరించారు. ఆయన తల ఊపి, కొత్తగా తీసిన పన్నీరు వెంటనే వాడొద్దనీ, కొన్ని వారాలు ఎండ తగలకుండా కదపకుండా ఉంచితే మడ్డి దిగి వాసన నిలకడకు వస్తుందనీ చెప్పాడు. మేం కొన్న సీసాలన్నీ అత్తయ్య పాత చీరల్లో చుట్టించింది. జూన్‌లో మా ఆడపడుచు కూతురి పెళ్లి ఉంది, మూడు సీసాలు పన్నీరు బుడ్లకు. ఒకటి మరిది క్యాంపు గదికి. మిగిలిన ఒకటి ఘాలాలో నా వంటింట్లో ఉంది, రంజాన్‌కు పక్క ఫ్లాటు ఒమనీ వాళ్లింటికి పంపే సేమ్యా పాయసంలో వేయడానికి.